భిక్షమయ్య సార్ మాట పోయిన ఏడాది

పోయిన వారం ఖమ్మం నుంచి భద్రాచలం వస్తుంటే, ఏన్కూరు దగ్గర ఒక ముసలి జంట బస్సెక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు కదిలిన కాసేపటికి ఆ పెద్దావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి, భర్త కుడిచేతికి తైలం రాయడం మొదలుపెట్టింది. పక్షవాతానికి రాసే తైలం అది. వెల్లుల్లి, ఆవాలు, ఇంకా ఏవో వేళ్ళు కలిపి మరిగించిన ఘాటు వాసన. కిటికీలన్నీ తెరిచే ఉన్నా ఆ వాసన ఎటూ పోకుండా వచ్చి నా గొంతులో కూర్చుంది. పక్కనున్నామె నా ముఖం చూసి, కడుపులో తిప్పుతుందా, బస్సాపమననా అని అడిగింది. వద్దన్నాను. అది కడుపులో తిప్పడం కాదు. పదహారేళ్ళ వయసులో ఒక ఉదయం తరగతి గదిలో కొయ్యబారిపోయి కూర్చున్నాను. అదే బిగుసుకుపోవడం ఇన్నేళ్ళ తర్వాత బస్సులో మళ్ళీ నన్ను పట్టుకుంది.

ఆ తైలం వాసనను అంతకు ముందు నేనెరిగింది ఒకే ఒక్క ఇంటి వసారాలో. అది మా లెక్కల సార్ భిక్షమయ్య గారి ఇల్లు. నేను భద్రాచలంలో ఇంటర్మీడియెట్ చదివిన రోజులవి. లెక్చరర్లలో కూడా సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో కనిపించే కాలం. మాది చర్ల దారిలో రోడ్డు వదిలి అడవిలోకి నడిచి వెళ్ళాల్సిన ఊరు. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళం. నేను గిరిజన బాలికల హాస్టల్లో ఉండి కాలేజీకి వెళ్ళేదాన్ని. తెలుగు చదవడం, రాయడం బాగానే వచ్చినా, నలుగురిలో నోరు తెరవాలంటే నాలుక మడతపడేది. నా మాటలో ఏదో ఒకటి వంకరగా వినిపించేది, ఎవరో ఒకరు నవ్వేవారు. అందుకని మొదటి సంవత్సరమంతా హాజరు పలకడానికి తప్ప నేను గొంతు విప్పలేదు.

అలాంటి దాన్ని భిక్షమయ్య సార్ చేతిలో పడ్డాను. సార్‌ది తిరుమలాయపాలెం వైపు ఊరు. పొడవాటి మనిషి, ముందుకు కొంచెం వంగి నడిచేవారు. తరగతిలోకి వస్తూనే ద్వారం దగ్గర చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో పాఠం చెప్పేవారు. ఎందుకో ఎవరూ అడగలేదు. రెండో సంవత్సరంలో ఆయన మాకు సమాకలనం, అంటే ఇంటిగ్రేషన్ చెప్పారు. అవకలనం, అంటే డిఫరెన్షియేషన్ అయితే సూత్రాలు కంఠస్థం చేసినవాడెవడైనా చేస్తాడు. సమాకలనం అలా కాదు. లెక్క చూడగానే ఏ దారిన పోవాలో ముందు మనమే తేల్చుకోవాలి: ప్రతిక్షేపణతో పోవాలా, విభాగ సమాకలనం చేయాలా, పాక్షిక భిన్నాలుగా విడగొట్టాలా. తప్పు దారి పట్టామంటే రెండు పేజీలు రాసినా లెక్క తెగదు. అందుకే సార్ తరగతిలో ఒక నియమం ఉండేది. ఏ పద్ధతి, ఎందుకు అన్నది పైకి మాటల్లో చెప్పనిదే ఎవరి చేతికీ సుద్దముక్క ఇచ్చేవారు కాదు. "ముందు నోటితోని చెయ్యి, తర్వాత చేత్తోని చేద్దువుగని" అనేవారు. బోర్డు మీద సరిగ్గా చేసినా, నోటితో చెప్పలేకపోతే ఆయన లెక్కలో అది చేసినట్టు కాదు.

నా వంతు వచ్చిన రోజు ఆయన బోర్డు మీద రాసింది లాగ్ ఎక్స్ సమాకలనం. చూడ్డానికి ఒక్క ముక్క. నిలబడ్డాను. తెలుగులో మొదలుపెట్టి రెండో మాటకే ఆగిపోయాను. వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది. సార్ వాళ్ళను కోప్పడలేదు. నా వైపే చూస్తూ, మీ ఇంట్ల ఎట్ల మాట్లాడతవో గట్లనే చెప్పు అన్నారు. కోయలోనా సార్ అన్నాను. అవ్, కోయలనే అన్నారు. ఏం జరుగుతుందో తెలియకుండానే చెప్పడం మొదలుపెట్టాను. గదిలో ఒక్కరికీ అర్థం కాదు గనుక నాకు సిగ్గు కూడా వేయలేదు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"విభాగ సమాకలనం అన్నవు. గని దానికి రెండు ప్రమేయాలు కావాలె, ఈడ ఒక్కటే ఉంది, రెండోది ఏడికెళ్ళి తేవాల్నని ఆగినవ్. అవునా?"

సరిగ్గా అక్కడే ఆగాను. మీకు కోయ వచ్చా సార్ అని అడిగాను. "రాదు. నీ గొంతు ఏడ ఆగిందో ఇనవడ్డది గద" అన్నారు. ఆ తర్వాత, పక్కన ఒకటిని పెట్టుకో, ఒకటితో గుణిస్తే లెక్కలో ఏమీ మారదు, నీకు మాత్రం పని జరుగుతుంది అని చెప్పి సుద్దముక్క నా చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి ఎవరు నవ్వినా నేను ఆయన తరగతిలో మాట్లాడాను.

డిసెంబరులో ఒక ఉదయం, మొదటి గంటలోనే, ఇ పవర్ ఎక్స్‌ను సైన్ ఎక్స్‌తో గుణించి సమాకలనం చేయడం చూపిస్తున్నారు. దాన్ని రెండుసార్లు విభాగ సమాకలనం చేస్తే మొదలుపెట్టిన లెక్కే మళ్ళీ ఎదురవుతుంది. దాన్ని ఎడమవైపుకు పంపి రెండుతో భాగిస్తే జవాబు వస్తుంది. ఆయనకు ఇష్టమైన లెక్క అది. రాస్తూ రాస్తూ, ఇప్పుడు బిందెను అవకలనం చేస్తే కొసైన్ వస్తది అన్నారు. తరగతంతా ఫక్కుమంది. సార్ మధ్యమధ్య హాస్యమాడేవారు కాబట్టి అదీ అలాంటిదే అనుకున్నాం. ఆయన వెనక్కి తిరిగి, ఎందుకు నవ్వుతున్నామో తెలియనట్టు మా ముఖాలు చూశారు. మళ్ళీ, బిందెను అన్నారు. ఆ మాట ఈసారి ఆయన చెవికే ఎక్కినట్టుంది. తల విదిలించి, సైన్ అని సరిదిద్దబోయారు. నాగలి అని వచ్చింది. నవ్వు సగంలో తెగిపోయింది.

ఆయన బోర్డు వైపు తిరిగి రాయడం మాత్రం ఆపలేదు. ఆ దృశ్యం నా కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు. నోటి నుంచి వస్తున్నవి మాటలు కావు, తెలుగు కాదు, ఏ భాషా కాదు. చెయ్యి మాత్రం ఒక్కొక్క పంక్తీ రాసుకుంటూ పోతోంది. పంక్తులు కిందికి వాలిపోతున్నాయి. చివర్న సుద్దముక్క జారి కింద పడింది. ఆయన తన కుడిచేతిని అదెవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నారు. మూతి ఒక పక్కకు లాగేసింది. తర్వాత మెల్లగా మోకాళ్ళ మీదికి వంగారు. సుద్దముక్క తీసుకోవడానికి వంగుతున్నారనుకుని మాలో ఒక్కరమూ కదల్లేదు. ఆయన అలాగే పక్కకు ఒరిగిపోయారు.

ముందు బెంచీలో కూర్చునే రఫీ లేచి పరుగెత్తాడు. వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడు. కాసేపట్లో ఆ ఆటో తరగతి మెట్ల దాకా వచ్చింది. నలుగురు మగపిల్లలు సార్‌ను ఎత్తుకుపోయారు. ఆయన చెప్పులు ద్వారం దగ్గరే ఉండిపోయాయి. నేను కొయ్యబారిపోయి బెంచీలోనే కూర్చున్నాను. తర్వాతి గంటకు వచ్చిన ఫిజిక్స్ సార్ బోర్డు తుడవబోయి, పైనుంచి కిందిదాకా చదివి, "ఆన్సర్ కరెక్టే ఉంది గదా" అని తనలో తాననుకున్నట్టు అన్నారు. ఆ మాటకు నా పక్కనున్న అమ్మాయి ఏడ్చేసింది. నాకు ఏడుపు కూడా రాలేదు. మాట ఒక దారిన, లెక్క ఒక దారిన ఒకే మనిషిలోంచి విడిపోవడం చూశాక, ఏది నమ్మాలో తెలియకుండా పోయింది.

ఆయన్ను ఖమ్మం తీసుకుపోయారని, బతికి బయటపడ్డారని, కుడి చెయ్యి, కాలు పడిపోయాయని, మాట పోయిందని ఒకటొకటిగా తెలిసింది. మాకు వేరే లెక్చరర్ రాలేదు. మార్చిలో పరీక్షలు. పాక్షిక భిన్నాల దగ్గర పాఠం ఆగిపోయింది. జనవరి చివర్లో సార్‌ను ఇంటికి తెచ్చారని విని, ఒక సాయంత్రం రఫీ, నేను చూడ్డానికి వెళ్ళాం. వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన భార్య సుగుణమ్మ గారు చేతికి తైలం రాస్తున్నారు. మమ్మల్ని చూడగానే సార్ ముఖం వెలిగింది. నోరు తెరిచారు. "అంతే" అన్నారు. మళ్ళీ, ఇంకేదో చెప్పాలని గట్టిగా ప్రయత్నించి, "అంతే, అంతే" అన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

ఆ ఒక్క మాటే మిగిలిందని సుగుణమ్మ గారు చెప్పారు. మంచినీళ్ళు కావాలన్నా అదే మాట, ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. మనం చెప్పేది కూడా ఆయనకు సరిగా ఎక్కడం లేదట. గ్లాసు ఇవ్వమంటే కిటికీ వైపు చూస్తారట. ఏం మాట్లాడాలో తెలియక రఫీ, పాక్షిక భిన్నాల కాడ ఆగిపోయినం సార్ అన్నాడు. సార్‌కు అర్థమైన జాడ లేదు. రఫీ సంచిలోంచి పుస్తకం తీసి ఆయన ఒళ్ళో తెరిచి పెట్టాడు. సార్ చాలాసేపు చూశారు. తర్వాత ఎడమచెయ్యి చాచారు. రఫీ పెన్ను ఇచ్చాడు.

ఒకటి బై ఎక్స్ మైనస్ ఒకటి, ఇంటూ ఎక్స్ ప్లస్ రెండు. చిన్నపిల్లల రాతలా వంకర టింకరగా, ఆయన దాన్ని రెండు భిన్నాలుగా విడగొట్టారు. ఒకదాని ముందు మూడో వంతు, రెండోదాని ముందు మైనస్ మూడో వంతు. తర్వాత రెండు లాగ్‌లు. చివర్న స్థిరాంకం. రఫీ సంతోషం పట్టలేక, అమ్మా సార్‌కు అన్నీ గుర్తున్నాయి అన్నాడు.

సుగుణమ్మ గారు తైలం సీసా నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని కూలబడ్డారు. ఆమె ముఖంలో సంతోషం లేదు. చెంప మీద కొట్టినట్టుగా ఉంది.

"నా పేరేంది అంటే తెల్లమొఖమేస్తడు. ఇన్నేండ్ల కాపురం బిడ్డా. నా పేరు లేదంట, గీ గీతలు ఉన్నయంటనా ఆయన తలకాయల?"

చీకటి పడుతోంది, వెళ్ళండని ఆమె అంటే లేచి వచ్చేశాం. ఇక ఆ ఇంటి వైపు వెళ్ళకూడదని దారిలో అనుకున్నాం. మర్నాడు సాయంత్రం ఆమే మా హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. తలారా నీళ్ళు పోసుకున్నట్టున్నారు, జుట్టు ఇంకా తడిగానే ఉంది. నిన్నటి కోపం మీ మీద కాదు అన్నారు. పొద్దున్నుంచి ఆయన కుర్చీని వాకిలి వైపు తిప్పించుకుని కూర్చున్నారని, దారిన ఎవరు పోయినా తల ఎత్తి చూస్తున్నారని, పుస్తకాలు తీసుకుని రమ్మని చెప్పారు.

అలా ఆ వసారా మా తరగతి గది అయింది. మొదట మేమిద్దరం, తర్వాత ఇంకొందరు వచ్చారు. పుస్తకం ముందు పెడితే సార్ వెంటనే పెన్ను పట్టుకునేవారు కాదు. ఎడమచేతి వేలితో తన పెదవులు తట్టి, మా వైపు చూపించేవారు. నోటితో చెప్పాలన్నమాట. మాటలు ఎక్కని మనిషికి చెప్పి ఏం లాభమని మాకు అర్థం కాలేదు. అయినా నేను చెప్పాను. పద్ధతి చెబుతూ మధ్యలో ఒకచోట తడబడ్డాను. ఆయన చెయ్యి లేచింది. సరిగ్గా నా సందేహం ఉన్నచోటే వేలు పెట్టి, అక్కడ వేయాల్సిన ప్రతిక్షేపణ రాసి చూపించారు. మాటలకు అర్థం పోయినా గొంతు ఎక్కడ ఆగుతుందో ఆయనకు ఇంకా వినిపిస్తూనే ఉంది. అది తెలిశాక నేను కోయలోకి మారాను. ఆయనకు తెలుగైనా కోయ అయినా ఒకటే అయిపోయింది, నాకు మాత్రం కాదు. నా భాషలో నేను సమాకలనం చేస్తుంటే, మిగతా పిల్లలు నవ్వకుండా నా రాత చూసి నేర్చుకున్నారు.

సుగుణమ్మ గారు గడప లోపల కూర్చుని అంతా వినేవారు. ఒకరోజు నేను వెళ్ళబోతుంటే ఆపి, నీ కోయ ఆయనకు ఎట్ల తెలుస్తుంది బిడ్డా అని అడిగారు. మాట తెలియదమ్మా, పలికే గొంతు తెలుస్తుంది అన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళారు.

రెండు మూడు రోజుల తర్వాత అది జరిగింది. వసారా నిండా పిల్లలున్నాం. పక్కింటి వాకిట్లో ఎవరో మిరపకాయలు దంచుతున్నారు. సార్ ఏదో లెక్క మీదికి వంగి ఉన్నారు. ఇంట్లోంచి సుగుణమ్మ గారి గొంతు గట్టిగా వినిపించింది.

"భిక్షమయ్యా, చాయ్ తాగుతవా?"

మా ప్రాంతంలో ఆ వయసు ఆడవాళ్ళు భర్త పేరు పలకడం నేను ఎన్నడూ వినలేదు. సర్కారు దఫ్తర్‌లో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. అలాంటిది పదిమంది పిల్లల ముందు, ఊరంతా వినేలా పిలిచారు. పక్కింట్లో రోకలి చప్పుడు ఆగిపోయింది. రఫీ తల దించుకున్నాడు. సార్ తల ఎత్తారు. ద్వారం వైపు తిరిగారు. అక్కడ సుగుణమ్మ గారు గ్లాసు పట్టుకుని, ముఖమంతా ఎర్రబడి నిలబడి ఉన్నారు. ఆయన ఆమెను చూసి నవ్వారు. జబ్బు చేసిన తర్వాత ఆ నవ్వు చూడటం అదే మొదలు. "అంతే" అన్నారు. ఈసారి ఆ మాట ఏడుపులా లేదు.

పిల్లలంతా వెళ్ళిపోయాక ఆమె నాతో చెప్పారు.

"ఆయన నోట్లె నా పేరు వస్తలేదని దవాఖానల నుంచి ఏడుస్తనే ఉన్న. మరి నేనెన్నడన్న ఆయన పేరు పిలిచిన్నా? 'ఇగో' అంటి, 'ఇంటున్నవా' అంటి, గంతే. ఆయనకు పేరు పోయింది బిడ్డా. నాకు నోట్లె ఉండి పిలవకపోతి."

ఆనాటి నుంచి ఆమె ఆయన్ను పేరు పెట్టే పిలిచారు. చుట్టుపక్కల వాళ్ళు గుసగుసలాడారు. మొగుడు మూలన పడ్డాడని మర్యాద తప్పిందన్నారు. ఆమె పట్టించుకోలేదు. పరీక్షలకు ముందు చివరి సాయంత్రాన కూడా ఆ పిలుపు వింటూనే మేం సార్‌కు దండం పెట్టి వచ్చాం. ఆ ఏడు లెక్కల్లో మా తరగతి గట్టెక్కింది. మార్కుల కాగితం తీసుకెళ్ళి చూపిస్తే, సార్ లెక్కల పేపరు దగ్గర వేలు పెట్టి, నా తల మీద ఎడమచెయ్యి వేశారు.

నేను డిగ్రీకి ఖమ్మం వెళ్ళాను. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి తిరుమలాయపాలెం వైపు సొంతూరికి వెళ్ళిపోయారు. రెండో ఏడు వానాకాలంలో రఫీ కాలేజీకి వచ్చి, సార్ పోయారని, మళ్ళీ పక్షవాతం వచ్చిందని చెప్పాడు. వారం దాటిపోయిందట. ఎవరూ మాకు కబురు పెట్టలేదు. అక్కడికక్కడే బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం. దారి పొడవునా ఒక్కటే ఆలోచించాను. చివరికైనా ఆమె పేరు ఆయన నోట వచ్చిందా అని. అడగకూడని ప్రశ్న అని తెలుసు. ఆమె ఎదుట కూర్చున్నాను. నా ముఖం చూసి ఆమే చెప్పారు.

"రాలే బిడ్డా. అసలుకే రాలే. ఎదురుచూసుడు మానేసినంక ఇద్దరం మంచిగనే ఉన్నం. నేను పిలుస్తుంటి, ఆయన తిరిగి చూస్తుండె."

నేను ఊహించిన ఓదార్పులేవీ ఆ మాటలో లేవు. ఏదో ఒక అద్భుతం జరిగి ఉంటుందని ఎదురుచూసిన నా మనసు ఒక్కసారి ఖాళీ అయింది. ఆమె మాత్రం నిబ్బరంగా మా ఇద్దరికీ అన్నం వడ్డించారు.

ఇప్పుడు నేను ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. పిల్లల్ని ఏ భాషలోనైనా చెప్పమంటాను, గొంతు ఎక్కడ ఆగిందో వింటాను. అది సార్ నుంచి వచ్చిందని నా తోటి టీచర్లందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. పాఠం మధ్యలో ఎప్పుడైనా ఒక మాట తట్టకపోతే, నాకు భయమేస్తుంది. పిల్లలకు కనిపించకుండా కుడిచేతి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకుంటాను. ఆ మాట దొరికేదాకా మిగతా పాఠం నా చెవికి ఎక్కదు.

పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళిన కొత్తలో, పెరట్లో ఉన్న నా భర్తను వాకిట్లోంచి భద్రయ్యా అని పిలిచాను. చేటలో బియ్యం చెరుగుతున్న మా అత్త చెయ్యి ఆగిపోయింది. ఏందమ్మా గది, మొగణ్ణి పేరు పెట్టి పిలుస్తరా అంది. నేను కారణం చెప్పలేదు. చెప్పాలంటే ఒక డిసెంబరు ఉదయం నుంచి మొదలుపెట్టాలి. నెమ్మదిగా ఆమె అలవాటు పడింది. భద్రయ్య కూడా అలవాటు పడ్డాడు. పనేమీ లేకపోయినా రోజుకు ఒక్కసారైనా అతని పేరు పిలుస్తాను. ఏంది నాగమణీ అంటాడు. ఏం లేదంటాను. నాకు కావలసింది అప్పటికే వినేసి ఉంటాను.